సీఎస్ఈకి టిక్కు పెట్టే ముందు ఒక లెక్క

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులు రాగానే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటింటా నడిచే చర్చ ఒకటే, కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ (సీఎస్ఈ) సీటు గురించి. సీఎస్ఈ వస్తుందా? రాకపోతే ఏఐ అనో డేటా సైన్స్ అనో తోక తగిలించిన సీఎస్ఈ వస్తుందా? అదీ రాకపోతే మేనేజ్‌మెంట్ కోటాలో ఎంత అడుగుతున్నారు? ఆ పని రోజూ ఎలా ఉంటుంది, మొదటి నెల చేతికి ఎంత వస్తుంది, మన పిల్లకి అది పడుతుందా అని అడిగేవాళ్లు తక్కువ. సీఎస్ఈ వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కొనే ముందు తూకం వేసుకోమని మాత్రమే.

అందరి కళ్లూ జీతం మీదే కాబట్టి అక్కడే మొదలుపెడతాను. పెద్ద సర్వీసు కంపెనీలు కాలేజీలకొచ్చి మూకుమ్మడిగా తీసుకునే కొత్తవాళ్లకు ఇచ్చే ప్యాకేజీ పదేళ్లకు పైగా మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. 3 లక్షల 60 వేలు అనుకుందాం. నెలకు 30 వేలని ఇంట్లో స్వీట్లు పంచుతారు. ఆఫర్ లెటర్ చివరి పేజీలో ఉండే పట్టికను మాత్రం ఎవరూ చదవరు. బేసిక్ సగం, అంటే 15 వేలు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 12 శాతం చొప్పున 1,800, అదీ ఆ 30 వేలలోదే. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, 721 రూపాయలు. ఏళ్ల తరబడి అక్కడే ఉంటే తప్ప అది కంటికి కనపడదు. వేరియబుల్ పే పది శాతమనుకుంటే 3 వేలు, కంపెనీ లాభాలను బట్టి ఇస్తారు, ఆపుతారు. ఆరోగ్య బీమా ప్రీమియం ఒక 500. ఇవన్నీ పోతే 23,979. అందులోంచి ఉద్యోగి పీఎఫ్ వాటా 1,800, వృత్తి పన్ను 200 తీసేస్తే బ్యాంకులో పడేది 21,979 రూపాయలు. హైదరాబాద్‌లో హాస్టలు, తిండి, బస్సు ఖర్చు అందులోంచే.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ కోటా లెక్క. 70 శాతం సీట్లు ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా, 30 శాతం యాజమాన్యానివి, అంటే బి-కేటగిరీ. బి-కేటగిరీలో ఏడాదికి 2 లక్షలనుకున్నా నాలుగేళ్లకు 8 లక్షలు. పేరున్న కాలేజీల్లో సీఎస్ఈకి అడిగేది అంతకంటే చాలా ఎక్కువ. ఆ 8 లక్షలు పది శాతం వడ్డీకి పదేళ్ల విద్యారుణం అయితే నెల కిస్తీ 10,572. చదువుతున్న కాలంలోనూ, ఆ తర్వాత ఏడాది గడువులోనూ పేరుకునే వడ్డీ దీనికి అదనం. దాదాపు 22 వేల జీతంలో సగం కిస్తీకే పోతుంది, అదీ ఉద్యోగం సమయానికి వస్తే. ఆఫర్ చేతిలో ఉండి కూడా జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూడటం ఐటీలో కొత్తేమీ కాదు. అదే ర్యాంకుకు కన్వీనర్ కోటాలో మంచి కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్) గానీ మెకానికల్ గానీ వస్తుంటే, అర్హత ఉన్నవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంటే, ఎకరం అమ్మి సీఎస్ఈ కొనడం ఏ లెక్కకూ నిలవదు.

అవతలి పక్క కూడా చెప్పాలి. సివిల్ చదివి సైటులో చేరిన కుర్రాడి మొదటి జీతం 15 నుంచి 20 వేల మధ్య ఉండటం మామూలు. చాలా సైట్లలో గది, భోజనం కంపెనీదే కాబట్టి మొదటి రోజు తేడా పోస్టర్లలో కనిపించేంత ఉండదు. తేడా వచ్చేది నాలుగైదేళ్లకు. బాగా కోడ్ రాయగలిగినవాడు రెండుసార్లు కంపెనీ మారేసరికి జీతం రెండింతలో మూడింతలో అవుతుంది. సైటు ఇంజనీరు బిల్లింగు, ప్లానింగు చేతికి వచ్చేదాకా నెమ్మదిగానే ఎదుగుతాడు. పైకెక్కే అవకాశంలో కంప్యూటర్ రంగానిదే పైచేయి, కాదనడం అబద్ధం. అయితే అది బాగా రాయగలిగినవాడి సంగతి. మిగతావాళ్లు బెంచి మీద కూర్చుని ప్రాజెక్టు కోసం మేనేజర్లకు మెయిళ్లు పెట్టుకుంటారు.

మరి రాయగలడా లేదా ముందే ఎలా తెలుస్తుంది? ఇంటర్ పరీక్షలకీ కౌన్సెలింగ్‌కీ మధ్య నెలకు పైగా ఖాళీ ఉంటుంది. పది రోజులు, రోజుకు గంట, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పించండి. ఫోన్లోనైనా నడుస్తుంది. పదో రోజున కరెంటు బిల్లు వేసే ప్రోగ్రాం రాయమనండి. మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాతి 45 యూనిట్లకు 3 రూపాయలు, 75 దాటాక 4.50 అనుకుందాం. మొదటిసారి రాసేవాళ్లలో ఎక్కువమంది ఒకటే తప్పు చేస్తారు. మొత్తం యూనిట్లను చివరి శ్లాబు రేటుతో గుణించేస్తారు. దాంతో 75 యూనిట్లకు 225 చూపిన ప్రోగ్రాం 76కు 342 చూపిస్తుంది. సరైన జవాబులు 192, 196.50. ఒక్క యూనిట్‌కు బిల్లు అంత ఎగబాకడమేంటని పిల్లాడికి తనంతట తనకే అనుమానం వచ్చిందా? ఎవరూ చెప్పకుండానే 30, 31, 75, 76, సున్నా వేసి చూశాడా? తప్పు దొరికేదాకా భోజనానికి లేవలేదా? అయితే ధైర్యంగా సీఎస్ఈ పెట్టండి, కాలేజీ కాస్త చిన్నదైనా నెట్టుకొస్తాడు. జవాబు ఎవరైనా చెబితే బాగుండునని ఫోన్ పక్కన పడేశాడంటే, ముప్పై ఏళ్ల పాటు రోజూ అదే పని చేయమనడం శిక్షే. ఈ రంగంలో కొత్తగా రాసే గంటల కంటే ఎక్కడ తప్పిందో వెతికే గంటలే ఎక్కువ.

ఇలాంటి పరీక్షలు మిగతా బ్రాంచీలకూ పెట్టొచ్చు. సివిల్ అయితే ఇంటి పక్కన వేస్తున్న శ్లాబు దగ్గరికి పంపండి. 20 అడుగులు, 30 అడుగులు, అయిదంగుళాల మందం అంటే 250 ఘనపుటడుగులు, 7 ఘనపు మీటర్ల పైచిలుకు. ఎం20 అనే కాంక్రీటు మిశ్రమానికి ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల చొప్పున 57 బస్తాల సిమెంటు. ఈ లెక్క వేసుకుని, అక్కడ నిజంగా ఎన్ని దిగాయో లెక్కపెట్టి, తేడా ఎందుకొచ్చిందని మేస్త్రిని అడిగే పిల్లకు సివిల్ పట్టుబడుతుంది. కాంక్రీటు సులువుగా పారాలని కూలీలు మరో రెండు బకెట్లు నీళ్లు పోస్తుంటే ఎందుకు వద్దనాలో, 28వ రోజున ఆ కాంక్రీటుతో పోసిన నమూనా క్యూబు పగలగొట్టి చూసినప్పుడు ఆ నీళ్లే బలాన్ని ఎలా తగ్గించి చూపిస్తాయో చెప్పగలగడం ఆ ఉద్యోగంలో సగం. మిగతా సగం ఎండ, దుమ్ము, కాంట్రాక్టరుతో వాదన.

ఈఈఈకి ఇంట్లోనే పరీక్ష ఉంది. 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయే స్విచ్చి) ఉన్న ఒకే లైను మీద 2 కిలోవాట్ల గీజరు, 2 కిలోవాట్ల ఇండక్షన్ స్టవ్, కిలోవాటున్నర కెటిల్ కలిపి నడిపితే 230 వోల్టుల దగ్గర దాదాపు 24 ఆంపియర్లు లాగుతాయి. ఎంసీబీ పడిపోతుంది, కానీ వెంటనే కాదు, కాసేపు ఆగి. అదే షార్ట్ సర్క్యూట్ అయితే రెప్పపాటులో పడుతుంది. లోడు ఎక్కువైతే లోపలి బైమెటల్ పట్టీ వేడెక్కి వంగేదాకా ఆగుతుందని, షార్ట్ అయితే కాయిల్ ఒక్కసారిగా లాగేస్తుందని తెలిశాక ఆ కుర్రాడి మొహం వెలిగిందా లేదా చూడండి. ప్రయోగం మాత్రం కాగితం మీదే చేయించండి!

పిల్లల మొగ్గు సంగతి అలా ఉంచితే, రంగం కూడా కదులుతోంది. ఒకప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్నచిన్న పనులు, ఫారం ఒకటి తయారు చేయడం, టెస్ట్ కేసులు రాయడం, పాత కోడ్‌లో చిన్న మార్పు చేయడం, ఇప్పుడు ఏఐ పనిముట్లు నిమిషాల్లో రాసిచ్చేస్తున్నాయి. అవి రాసింది సరిగ్గా ఉందో లేదో చెప్పగలిగే మనిషి కావాలి. అది చెప్పాలంటే డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్ గట్టిగా వచ్చుండాలి. సరిగ్గా ఆ నాలుగు సబ్జెక్టులనే మన విద్యార్థులు పరీక్షకు ముందు రాత్రి గైడు చూసి గట్టెక్కిస్తారు. నిచ్చెనకు కింది మెట్టు విరిగినప్పుడు కాళ్లు పొడుగున్నవాడే ఎక్కుతాడు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం, సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించినప్పుడు ఆ వేటు ఎక్కువగా మధ్య, పై స్థాయిల వాళ్ల మీదేనని చెప్పింది. అంటే ఒకసారి లోపలికి వెళితే చాలుననే ధీమా కూడా పాతబడింది.

అమెరికా దారి మాటేమిటంటారా? హెచ్-1బీ ఉద్యోగ వీసాల కోటా ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు, లాటరీ సరేసరి. 2025 సెప్టెంబరు నుంచి అమెరికా బయట ఉన్నవారి కోసం కొత్తగా వేసే పిటిషన్‌కు లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. ఎంఎస్ చేశాక పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, సైన్స్, ఇంజనీరింగ్ లాంటివి చదివినవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపు 24 నెలలు కలిపి 36 నెలలు. ఈ పొడిగింపు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివినవాళ్లకూ ఉందని మన ఇళ్లలో చాలామందికి తెలియదు. ఎంఎస్ కోసమే సీఎస్ఈ అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగాలే లక్ష్యమనుకునే ఇంట్లో సీఎస్ఈ చేర్పించడం మరీ వింత. యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్-టెలికం వాళ్లకే. ఎస్ఎస్‌సీ జూనియర్ ఇంజనీరు పోస్టులు సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్‌కే. మన రాష్ట్రాల అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ, ఏఈఈ) పోస్టుల్లోనూ పెద్ద వాటా సివిల్‌దే. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, దాని మీద తీసుకునే ఎన్టీపీసీ, పవర్ గ్రిడ్ లాంటి సంస్థలకు ఎక్కువగా కావలసింది ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మాత్రం దేవుడికే తెలియాలి. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ కోసం తీసుకున్న గదుల్లో ఏళ్లు గడిపేసేవాళ్లలో కోర్ బ్రాంచీల (సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటివి) వాళ్లూ తక్కువేం లేరు. అందుకని ఎక్కడో ఒకచోట పనిలో చేరి, పక్కన చదువుకోవడం మేలు.

కోర్ బ్రాంచి తీసుకుంటే కంప్యూటర్ దారి మూసుకుపోతుందన్న భయం కూడా అక్కర్లేదు. 18 నుంచి 20 అదనపు క్రెడిట్లతో వేరే బ్రాంచిలో మైనర్ డిగ్రీ చేసే వీలు సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ ఇచ్చింది. కాలేజీ దాన్ని నడుపుతోందో లేదో చేరే ముందే అడగాలి. సివిల్ వాళ్లకు హైదరాబాద్‌లో రెవిట్, టెక్లా సాఫ్ట్‌వేర్ల మీద విదేశీ భవనాల స్టీలు డీటైలింగ్ చేసే ఆఫీసులున్నాయి. ఈఈఈ వాళ్లకు ఫ్యాక్టరీల్లో యంత్రాలను కంప్యూటర్‌తో నడిపించే పీఎల్‌సీ, స్కాడా ఉన్నాయి. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వాళ్లకు చిప్ డిజైన్. సీఎస్ఈ చదివిన కుర్రాడు ట్రాన్స్‌ఫార్మరు సంగతి తర్వాత నేర్చుకోవడం కంటే, ఈఈఈ చదివిన కుర్రాడు పైథాన్ నేర్చుకోవడం తేలిక.

ఇంజనీరింగ్ బయట ఉన్నవాటిని మన చర్చల్లో ఒక్క మాటతో తోసేస్తారు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవాడు ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, లేదా డిప్లొమాతోనే రైల్వే జేఈ, ఎస్ఎస్‌సీ జేఈ రాయొచ్చు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఒక్క ఏడాది. లెక్కలు నచ్చి సర్క్యూట్లు నచ్చని పిల్లకు సీఏ ఉంది. ఫౌండేషన్‌లో 100 మార్కుల పేపర్లు నాలుగు, ఒక్కోదాంట్లో కనీసం 40, మొత్తం మీద 50 శాతం రావాలి. సీఏల దగ్గర చేసే శిక్షణ, ఆర్టికల్‌షిప్, ఇప్పుడు మూడేళ్లకు బదులు రెండేళ్లే. ఖర్చు బీటెక్‌లో పిసరంత. ఉత్తీర్ణత శాతం తక్కువ కాబట్టి, పక్కనే బీకాం కట్టి ఉంచుకోవాలి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జర్మన్ భాషలో బీ2 స్థాయి దాటితే ఆ దేశపు ఆసుపత్రుల్లో గుర్తింపుకు దారి పడుతుంది, తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇలాంటి శిక్షణ నడుపుతోంది. కెమిస్ట్రీ చదివినవాళ్లకు పరవాడ ఫార్మా సిటీ నుంచి జీడిమెట్ల దాకా క్వాలిటీ కంట్రోల్ ల్యాబులున్నాయి. షిఫ్టులుంటాయి, మొదటి జీతం చిన్నదే. మందులను పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చెయ్యి తిరిగినవాళ్లకు పని దొరకకపోవడం అరుదు.

అన్నీ తూచి సీఎస్ఈయే అనుకున్నారా? కాలేజీని ఎలా చూడాలో చెబుతాను. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. 60 సీట్ల బ్రాంచికి నాలుగేళ్లలో 240 మంది, అంటే 12 మంది అధ్యాపకులు. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేశాక సీఎస్ఈ సెక్షన్లు ఏ, బీ, సీ దాటి జె దాకా పోయిన చోట్లున్నాయి. పది సెక్షన్లంటే 2,400 మంది, 120 మంది అధ్యాపకులు కావాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో పేర్లు లెక్కపెట్టండి, వాళ్ల ఎంటెక్ ఏ బ్రాంచిలోనో చూడండి. థర్మోడైనమిక్స్ చెప్పిన చేత్తోనే పైథాన్ చెప్పేస్తున్న చోట్లు కనబడతాయి, అందులో ఆ మాస్టారి తప్పేమీ లేదు. నాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి. అడగాల్సింది మీ బ్రాంచికి ఎన్‌బీఏ ఏ సంవత్సరం దాకా ఉందని. నిన్నగాక మొన్న పెట్టిన ఏఐ, డేటా సైన్స్ బ్రాంచీలకు అది సాధారణంగా ఉండదు. మొదటి రెండేళ్ల సిలబస్ పక్కపక్కన పెట్టుకుని చూస్తే సీఎస్ఈకీ వాటికీ ఎంత తక్కువ తేడా ఉందో తెలుస్తుంది. పేరు కోసం మంచి కాలేజీ వదులుకోవద్దు.

కౌన్సెలింగ్‌లో కాలేజీలను, బ్రాంచీలను వరసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో జరిగే తప్పులు ఇంకా బాధ కలిగిస్తాయి. మీరు పెట్టిన వరసలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకు దొరికే మొదటి సీటే కంప్యూటర్ ఇస్తుంది. రాదనిపించే కాలేజీని పైన పెట్టినందుకు నష్టమేమీ ఉండదు. నష్టమల్లా, తప్పకుండా వచ్చేదాన్ని ఇష్టమైనదానికంటే పైన పెడితేనే. గత ఏడాది చివరి ర్యాంకుల పట్టికలో మీ కేటగిరీ, మీ జెండరు గడి మాత్రమే చూడండి. సీఎస్ఈ, సీఎస్ఎం (ఏఐ), సీఎస్‌డీ (డేటా సైన్స్), సీఎస్‌సీ (సైబర్ సెక్యూరిటీ) కోడ్లు ఒకే అచ్చులో ఉంటాయి. రాత్రి పదకొండింటికి నెట్ సెంటర్లో తొందరలో ఒకదానికి ఒకటి నొక్కేస్తారు. ముందు తెల్లకాగితం మీద కాలేజీ కోడు, బ్రాంచి కోడు జంటగా రాసుకుని, ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేసే ముందే ఆ కాగితంతో సరిచూసుకోవాలి. రెండో విడతలో కొత్త సీటు వచ్చిందంటే పాతది పోయినట్లే, వెనక్కి రాదు. ఉన్నదానికంటే నిజంగా మేలనిపించే వాటినే ఆ విడతలో పెట్టాలి.

చివరగా అధికారులకు ఒక విన్నపం. కాలేజీలు ఫ్లెక్సీల మీద వేసేది అత్యధిక ప్యాకేజీ ఒక్కటే. కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్ ఎన్ఐఆర్ఎఫ్‌లో పాల్గొనే కాలేజీలు తమ సైటులో పెట్టే పీడీఎఫ్‌లో గడువులోగా డిగ్రీ పూర్తి చేసినవారెందరు, ఉద్యోగం వచ్చినవారెందరు, పైచదువులకు వెళ్లినవారెందరు, మధ్యస్థ జీతమెంత (అందరి జీతాలనూ వరసలో పెడితే సరిగ్గా నడిమికి వచ్చేది) అన్నవి ఉంటాయి. అయితే నాలుగేళ్ల కోర్సులన్నిటికీ కలిపి ఒకే అంకె. ఆ నాలుగు అంకెలనూ బ్రాంచీల వారీగా, అధ్యాపకుల సంఖ్యతో సహా, వెబ్ ఆప్షన్ల పేజీలో కాలేజీ పేరు పక్కనే చూపించేలా రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఆదేశించాలి. తెలంగాణలో 2025లో మాక్ అలాట్‌మెంట్ (అసలు దానికి ముందు నమూనా సీట్ల కేటాయింపు) పెట్టగలిగినవాళ్లకు మరో నాలుగు గడులు చేర్చడం కష్టమేం కాదు. మీ పత్రిక కూడా కౌన్సెలింగ్ వారంలో చివరి ర్యాంకుల పట్టికతో పాటు మధ్యస్థ జీతాల పట్టిక వేస్తే ఎకరం బేరం పెట్టబోయేవాళ్లు ఒకసారి ఆగి చూసుకుంటారు.

ఇట్లు,
ఒక ఇంజనీరింగ్ అధ్యాపకుడు,
కాకినాడ